శాలువా కప్పే ముందు



ఏప్రిల్ 14 బాబాసాహెబ్ జయంతితో మొదలుపెట్టి, పది, ఇంటర్ ఫలితాలు వచ్చి మళ్లీ బళ్లు తెరిచేదాకా మన పేటల్లో పిల్లలకు సన్మానాలే సన్మానాలు. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఒక ఫ్లెక్సీ. వచ్చిన పెద్దలంతా మాట్లాడాక, జనం లేచి వెళ్లిపోయే వేళకు పిల్లల్ని పిలిచి ఒక శాలువా, ఒక మెమెంటో ఇచ్చి ఫొటో తీస్తాం. ఇది చెడ్డ పని అని నేననడం లేదు. తరతరాలుగా 'ఒరే' అన్న పిలుపే తప్ప గౌరవంగా పేరు పెట్టి పిలిపించుకోని జాతి మనది. అలాంటి జాతి తన బిడ్డను వేదిక మీదికి పిలిచి చప్పట్లు కొట్టడం చిన్న విషయమేం కాదు. కానీ ఆ పని మనం ధమ్మం ప్రకారం చేస్తున్నామా, లేక ఊళ్లో మిగతావాళ్లు చేస్తున్నారు కాబట్టి చేస్తున్నామా? మీరు కాస్త ఆలోచించాలి.

ఇలాంటి అభినందన సభ ఒకటి బాబాసాహెబ్ చిన్నతనంలోనే జరిగింది. 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథం కోసం 1956లో రాసుకున్న ముందుమాటలో ఆ సంగతి ఆయనే చెప్పారు. ఇంగ్లీషు నాలుగో తరగతి పరీక్ష ప్యాసయ్యారు. మిగతా కులాల చదువుతో పోల్చుకుంటే అది పండగ చేసుకునేంత చదువు కాదని కూడా ఆయనే అన్నారు. అయినా మనవాళ్లలో ఆ మెట్టు దాకా వచ్చిన మొదటి కుర్రాడు కదా అని సంఘంవాళ్లు సభ పెడదామనుకున్నారు. తండ్రి రాంజీ సక్పాల్‌ను అడిగితే ఆయన ససేమిరా అన్నారు. ఒక పరీక్ష ప్యాసయ్యాడు, అంతే కదా, ఇప్పుడే పొగిడితే పిల్లాడికి తలకెక్కుతుంది అన్నారు. సంఘంవాళ్లు అక్కడితో ఊరుకోలేదు. రాంజీకి స్నేహితుడు, రచయిత అయిన దాదా కేళుస్కర్‌ను పట్టుకున్నారు. ఆయన వచ్చి నచ్చజెప్పాక రాంజీ ఒప్పుకున్నారు. సభ కేళుస్కర్ అధ్యక్షతనే జరిగింది. మాట్లాడటం అయిపోయాక, తాను రాసిన బుద్ధుని జీవితచరిత్ర ఒక ప్రతి ఆ కుర్రాడి చేతిలో పెట్టారు.

కుర్రాడు ఆ పుస్తకం చదివి కదిలిపోయాడు. ఇంట్లో మాతో రామాయణ భారతాలు చదివిస్తున్నావు, బౌద్ధ సాహిత్యం ఎందుకు ఇవ్వలేదు అని తండ్రినే నిలదీశాడు. బుద్ధుడి వైపు తన చూపు తిరిగింది దాదా కేళుస్కర్ ఇచ్చిన ఆ పుస్తకం వల్లేనని బాబాసాహెబ్ చెప్పుకున్నారు. సుమారు యాభై ఏళ్ల తర్వాత, 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో మనవాళ్లు లక్షలాదిగా దీక్ష తీసుకున్నారంటే, దాని వెనక ఒక చిన్న సన్మాన సభ కూడా ఉందన్నమాట. మరి మనం ఇచ్చే మెమెంటో మీద ఏం ఉంటుంది? ఎక్కువగా ఇచ్చినవాళ్ల పేరే ఉంటుంది. పిల్లల పేరు తప్పు రాసినవీ చూశాను.

కేళుస్కర్ ఆ ఒక్క సభతో ఊరుకోలేదు, ఇది మరీ ముఖ్యం. ఇంటర్ తర్వాత చదివించే స్తోమత రాంజీకి లేకపోతే, ఆయనే భీమరావును బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ దగ్గరికి తీసుకెళ్లారు. నెలకు 25 రూపాయల విద్యార్థి వేతనం మంజూరైంది. ఆ సాయంతో 1912లో బి.ఏ. పూర్తయింది. 1913లో అదే మహారాజు సాయంతో కొలంబియా విశ్వవిద్యాలయం. సిగాలోవాద సుత్తంలో గురువు శిష్యుడికి చేయాల్సిన పనులు భగవానుడు చెప్పాడు. బాగా నేర్పడం ఒక్కటే కాదు. తన మిత్రుల దగ్గర, పరిచయస్తుల దగ్గర శిష్యుణ్ణి గురించి మంచిగా చెప్పడం, వాడు ఏ దిక్కుకు వెళ్లినా రక్షణ ఉండేలా చూడటం కూడా గురువు పనేనన్నాడు. కేళుస్కర్ చేసింది సరిగ్గా అదే. మీకు తెలిసిన ఒక లాయరుకో, బ్యాంకు మేనేజరుకో, లెక్చరరుకో ఫోన్ చేసి "మా పేట అమ్మాయి ఉంది, ఒకసారి మాట్లాడండి" అని చెప్పడం శాలువా కంటే గొప్ప సన్మానం. దానికి ఖర్చు కూడా ఉండదు.

రాంజీ భయం తప్పని అనకండి. పొగడ్త తలకెక్కుతుందన్నది నిజమే. ప్రశంస, నింద రెండూ అష్ట లోకధర్మాల్లోవే అని భగవానుడు చెప్పాడు కదా. అయితే మరి పొగడొద్దా? ఈ ప్రశ్నకు జవాబు పిటకంలోనే ఉంది.

అంగుత్తర నికాయంలో ఏతదగ్గ వగ్గం అని ఒకటి ఉంది. అందులో భగవానుడు తన శిష్యుల్ని పేరుపేరునా చెప్పి, ఎవరు దేనిలో మొదటివాళ్లో ప్రకటించాడు. భిక్షువులు, భిక్షుణులు, ఉపాసకులు, ఉపాసికలు అందరూ ఉన్నారందులో. ప్రజ్ఞలో సారిపుత్తుడు అని మనందరికీ తెలుసు. వినయంలో మొదటివాడు ఉపాలి. ఎవరీ ఉపాలి? శాక్య యువరాజులకు క్షవరం చేసిన మంగలి. ఎక్కువ విన్న, ఎక్కువ నేర్చిన ఉపాసికల్లో మొదటిది ఖుజ్జుత్తర. ఆమె కోశాంబిలో రాణి సామావతి దగ్గర దాసి. భగవానుడి ఉపదేశం విని వచ్చి అంతఃపురంలో ఉన్న స్త్రీలందరికీ తిరిగి చెప్పేది. రాణులు కింద కూర్చుని దాసి దగ్గర పాఠం విన్నారు. భగవానుడు గొప్పవాళ్లకు గొప్పతనం అంటగట్టలేదు. ఎవరి పని ఏంటో చూసి, ఆ పని పేరు చెప్పాడు.

నాకు మాత్రం ఆ జాబితాలో అందరికంటే దబ్బ మల్లపుత్తుడే ఇష్టం. చిన్న వయసులోనే అరహంతుడయ్యాడు, ఏడేళ్లకే అని వినయ పిటకం చెబుతుంది. సాధించాల్సింది సాధించేశాను, ఇక సంఘానికి ఏం సేవ చేయను అని తనకు తానే ఆలోచించుకున్నాడు. రాజగృహంలో వేళువనానికి వచ్చే భిక్షువులకు బస చూపించడం, భోజనాల వంతులు వేయడం నేను చేస్తాను అని అడిగి మరీ తీసుకున్నాడు. సుత్తాలు వల్లించేవాళ్లందరికీ ఒకచోట, వినయం చర్చించుకునేవాళ్లకు ఇంకోచోట, ధ్యానం చేసేవాళ్లకు సందడి లేని వేరే చోట పక్కలు ఏర్పాటు చేసేవాడు. పొద్దుపోయి వచ్చినవాళ్లకూ చూపించేవాడు. అద్భుతాల కథలు కూడా జోడించారు, వాటిని పక్కన పెట్టండి. చూడాల్సింది ఏమిటంటే, పక్కలు వేసే పనిని కూడా భగవానుడు ఏతదగ్గాల్లో చేర్చాడు. సారిపుత్తుడి ప్రజ్ఞ ఉన్న జాబితాలోనే ఇదీ ఉంది.

మన సన్మానాల జాబితాలో అలాంటి పని ఏదైనా ఉందా? మార్కులు, ర్యాంకు, ఉద్యోగం, అమెరికా. అక్కడితో అయిపోతుంది. మీ పేటలోనే చూడండి. సాయంత్రం అయిదారుగురు పిల్లల్ని అరుగు మీద కూర్చోబెట్టి ఎక్కాలు, ఇంగ్లీషు చెప్పే డిగ్రీ అమ్మాయి ఉంటుంది. తాతయ్యల పెన్షన్ ఆగిపోతే సచివాలయం చుట్టూ, మీసేవ చుట్టూ తిరిగే కుర్రాడుంటాడు. స్కాలర్‌షిప్ దరఖాస్తులు తన ఫోన్లోనే అందరికీ నింపి పెట్టేవాడొకడు. ప్రసవానికి రక్తం కావాలంటే అర్ధరాత్రి బండి తీసేవాడొకడు. వీళ్లలో కొందరు ఇంటర్ తప్పినవాళ్లే కావచ్చు. జయంతి రోజున కుర్చీలు మోసేదీ, భోజనాలు వడ్డించేదీ వాళ్లే. వేదిక మీదికి మాత్రం ఎప్పుడూ రారు. ఆడపిల్లల సంగతి ఇంకా ఘోరం. వాళ్లు చేసేదాన్ని సేవ అని కూడా ఎవరూ అనరు, ఇంటిపని కింద లెక్కేస్తారు.

మార్కులకే సన్మానం చేస్తే ఇంకో ప్రమాదం ఉంది. ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం పేపర్లలో మనం ఏం చదువుతున్నామో మీకు తెలుసు. పిల్లలు ప్రాణాలు తీసుకుంటున్నారు. పేటలో పదిమంది పరీక్ష రాస్తే ఇద్దరికి దండ వేసి, మిగతా ఎనిమిదిమందిని ఆ కుర్చీల్లో కూర్చోబెట్టి చూడమంటే వాళ్లకేం చెబుతున్నట్టు? తప్పిన పిల్లాడి ఇంటికి ఆ సాయంత్రమే ఒక పెద్దమనిషి వెళ్లి, సప్లిమెంటరీ ఫీజు చేతిలో పెట్టి, "నువ్వు మాకు కావాలి రా నాన్నా" అని చెప్పి రావాలి. సంఘం ఖర్చుల్లో మొదటి ఖర్చు ఇది కావాలని నా అభిప్రాయం, డీజే సంగతి ఆ తర్వాత.

అలాగని సాధించినవాళ్లను తక్కువ చేయొద్దు. మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి 14 ఏళ్లు కూడా నిండలేదు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు, భువనగిరి గుట్ట మీద తాళ్లు పట్టుకుని నేర్చుకున్నవాళ్లు. కూలి చేసుకునే ఇళ్ల పిల్లల్లో పర్వతారోహకులు ఉంటారని ఎవరో ఒకరు ముందుగా అనుకున్నారు కాబట్టే ఆ పిల్లలు గుట్ట దాకా వచ్చారు. ఎక్కిన తర్వాత గుర్తించడానికి దేశమంతా ఉంటుంది. ఎక్కకముందు గుర్తించేవాళ్లే కావాలి.

సాధించడం, సేవ చేయడం వేరువేరు పిల్లల వంతు అనుకోకండి. 1956లోనే ఆగ్రా సభలో, చదువుకున్నవాళ్లు తనను నిరాశపరిచారని, సొంత కడుపు చూసుకోవడంతోనే సరిపెట్టుకున్నారని బాబాసాహెబ్ బాధపడ్డారు. ఆ మాట ఇప్పటికీ మన ఉద్యోగస్తుల్ని చూసి అనొచ్చు. ఇంకోవైపు మన హైదరాబాద్‌లోనే ఒక ఉదాహరణ ఉంది. 1888లో పుట్టిన మాదరి భాగయ్య, మనం భాగ్యరెడ్డి వర్మ అంటాం, 1906లో జగన్ మిత్ర మండలి పెట్టారు. అప్పటికి ఆయన వయసు 18 ఏళ్లు. మన పిల్లలు ఇంటర్ రెండో సంవత్సరం చదివే వయసు. ఆ తర్వాత బడులు, జోగినీ దురాచారం మీద పోరాటం, 1917లో బెజవాడ సభకు అధ్యక్షత. 18 ఏళ్లవాడికి 'నీకేం తెలుసు, కూర్చో' అని చెప్పే పెద్దలు మన సంఘాల్లో చాలామందే ఉన్నారు. పదేళ్లుగా అదే అధ్యక్షుడు, అదే కార్యదర్శి. కుర్రాడి పనిని గుర్తించడమంటే వాడికి ఒక బాధ్యత, ఆ బాధ్యతకు సరిపడా లెక్కల పుస్తకం, తాళం చెవి అప్పజెప్పడం.

ఇక తలకెక్కే విషయం. ఆళవి నగరానికి చెందిన హత్థకుడు అనే ఉపాసకుడున్నాడు. దానం, ప్రియవచనం, పరోపకారం, సమానంగా మెలగడం అనే నాలుగింటితో జనాన్ని కలుపుకుపోవడంలో మొదటివాడని ఏతదగ్గంలో ఆయన పేరుంది. ఒకసారి భగవానుడు భిక్షువుల ముందు ఈ హత్థకుడిలో ఏడు మంచి గుణాలున్నాయని చెప్పాడు. శ్రద్ధ, శీలం, చెడ్డపనికి సిగ్గు, చెడ్డపనికి భయం, చాలా విని నేర్చుకోవడం, త్యాగం, ప్రజ్ఞ. ఒక భిక్షువు హత్థకుడి ఇంటికి వెళ్లి ఈ మాట చెప్పాడు. వెంటనే ఆయన అడిగిందేంటో తెలుసా? "భంతే, అప్పుడు అక్కడ తెల్లబట్టల గృహస్థులెవరైనా ఉన్నారా?" లేరు అని భిక్షువు చెబితే, మంచిదైంది అన్నాడు. ఈ సంగతి విని భగవానుడు ఎనిమిదో గుణం కూడా చేర్చాడు. తన మంచితనం పదిమందికీ తెలియాలని కోరుకోకపోవడం.

ఈ కథ చెప్పి, చూశారా, సన్మానాలు వద్దని బుద్ధుడే చెప్పాడు అనే పెద్దలున్నారు. సరిగా చదవండి. కోరుకోకూడనిది హత్థకుడు. చెప్పకుండా ఉండాల్సింది భగవానుడు కాదు. ఆయన చెప్పాడు, రెండుసార్లు చెప్పాడు, గుణాల పేర్లు పెట్టి చెప్పాడు. అడగకుండా ఉండటం పిల్లల శీలం. వెతికి చెప్పడం మన ముదిత. మనం ముదితను వదిలేసి, పిల్లలకు మాత్రం వినయం బోధిస్తున్నాం.

ముదిత అంటే ఎదుటివాడి మేలు చూసి సంతోషించడం. ఈ మాట చెప్పినంత తేలిక కాదు. పక్కింటి పిల్ల ఎంబీబీఎస్ సీటు తెచ్చుకుంటే మనసులో మొదట ఏం కలుగుతుందో ఎవరికి వాళ్లకు తెలుసు. ఇంకో జబ్బు కూడా ఉంది, దాచడం ఎందుకు. సన్మానం జాబితా రాసేటప్పుడు 'మనోళ్లేనా?' అని ఉపకులం అడిగేవాళ్లు ధమ్మం తీసుకున్న తర్వాత కూడా అడుగుతున్నారు. మాల పేట సభలో మాల పిల్లలే, మాదిగ పేట సభలో మాదిగ పిల్లలే. 22 ప్రతిజ్ఞలు గోడకు తగిలించుకుని ఆ ప్రశ్న అడగడానికి నోరెలా వస్తుంది? పక్క పేట పిల్లను పిలిచి మీ విహారంలో సన్మానించండి. అప్పుడు సాధు, సాధు, సాధు అని మూడుసార్లు అనండి. గొంతు ఎక్కడ పట్టుకుంటుందో చూసుకోండి.

పిలిచినప్పుడు తల్లినో, పెంచిన అమ్మమ్మనో పక్కన నిలబెట్టండి. పిల్లలు చేసింది ఏమిటో తేదీతో, ఊరితో, ఎంతమందికి మేలు జరిగిందో ఒక చిన్న కాగితం మీద రాసి చదవండి. 'బంగారు భవిష్యత్తు' లాంటి మాటలొద్దు. చేతికిచ్చేది పుస్తకం కావాలి, వీలైతే ఒక సంవత్సరం పరీక్ష ఫీజు. పెద్దలు రెండు నిమిషాలు మాట్లాడి, బిడ్డకు అయిదు నిమిషాలు ఇవ్వండి. చదువులో ఏ ఇబ్బంది ఉందో చెప్పమనండి. చెప్పిన ఇబ్బంది ఎవరు చూసుకోవాలో అక్కడే తేల్చండి.

ఇదంతా జయంతి దాకా ఆగక్కర్లేదు. వచ్చే పౌర్ణమి నాడు త్రిశరణ పంచశీల అయ్యాక ఓ పది నిమిషాలు దీనికి కేటాయించండి. ఒక నోటుపుస్తకం కొనండి. ఒక పేరు, ఆ బిడ్డ చేసిన ఒక పని, తేదీ వేసి రాయండి. మొదటి పేరు ఎవరిదో మీకు ఈపాటికి గుర్తొచ్చే ఉంటుంది.