కాత్యాయని పలుకని మాట



బృహదారణ్యకోపనిషత్తులోని మైత్రేయి కథను మన ఉపాసనలయందు పలుమారు వినియున్నాము. యాజ్ఞవల్క్యుడు గృహము విడువబోవుచు తన సొత్తును ఇరువురు భార్యలకు పంచదలచెను. ధనముచేత అమృతత్వము లభించునా యని మైత్రేయి యడిగెను. ఆ ప్రశ్ననుండి ఆత్మవిద్య వెలువడెను. మరి రెండవ యామె కాత్యాయని ఏమనెను? సామాన్యస్త్రీల తెలివి గలదని ఆమెనుగూర్చి యొకమాట చెప్పి, ఆమె నోట నొక్క పలుకైనను పలికింపక ఉపనిషత్తు ముందుకు సాగినది. నేడు మనమామెను తలచుకొందము.

జమ్మలమడుగు ప్రాంతమున, పెన్న యొడ్డున, నల్లరేగడి పల్లెయొకటి మా పూర్వులది. మా ముత్తాతగారి పెద్దభార్యకు సంతానము కలుగలేదు. పులివెందుల దిక్కునుండి రెండవ పెండ్లికూతురును తెచ్చిరి. ఎదురేగి హారతి యిచ్చి లోనికి పిలుచుకొన్నది పెద్దభార్యయే యట. ప్రొద్దుటూరికి ప్రత్తిబండ్లు తోలుకొనిపోయినప్పుడెల్ల ముత్తాత రెండు చీరలు సమమైన వెలకు తెచ్చెడివాడనియు, సవతు లక్కచెల్లెండ్రవలె మెలగిరనియు మాయింట గర్వముగా చెప్పుకొందురు. చీరలు సమమే, ధాన్యపుగది తాళపుచెవి మాత్రము కొడుకును గన్నయామె కొంగునకు మారెను. మేము చిన్నభార్య సంతతివారము. ఆమె పేరు మాకందరకును తెలియును. పెద్దభార్య పేరు మాయింట నెవ్వరికిని తెలియదు.

ఆమె సమ్మతించెనందురు. సమ్మతింపకున్న పోవుచోటేది? నిర్బంధమున వ్రాయించుకొన్న పత్రము న్యాయస్థానమున నిలువదు. గతిలేని స్త్రీ తలయూపును ధర్మస్థానమున సమ్మతిగా నెట్లు గ్రహింతుము? అమెరికాలో యూటా ఎడారిని దున్ని వసించిన మార్మనులు బహుభార్యాత్వము దైవాజ్ఞయని 1852లో బహిరంగముగా చాటిరి. 1870లో వారి స్త్రీలే సభలుగూడి దానిని సమర్థించిరి. 1890లో వారి మతాధ్యక్షుడే దానిని మానుడని ప్రకటించెను. ఆ స్త్రీల యోర్పు వారి గుణమునకు సాక్ష్యమే కాని ఆచారమునకు కాదు.

మన రామమోహన రాయలవారికి బాల్యముననే తండ్రి మూడు వివాహములు చేసెను. అందిరువురు భార్యలు ఏకకాలమున జీవించియుండిరి. ఆయన పితృనింద చేయలేదు. ఏకకాలమున నొకరికి మించి భార్యలుగల సంతతివానికి తన యాస్తి చెందరాదని మరణశాసనమున వ్రాసెను. పెద్దల తప్పును సవరించుట కింతకంటె మర్యాదయైన మార్గము మాకు కానరాదు.

బ్రాహ్మసమాజీయుల యుద్యమముచే వచ్చిన 1872వ సంవత్సరపు మూడవ చట్టము ఏకపత్నీత్వమును విధించెను. మదరాసు రాజధానిలో 1949లోను, దేశమందలి హిందువులందరకు 1955లోను ద్వితీయవివాహము నిషిద్ధమయ్యెను. అయినను కొడుకు కొరకని గుడిలో తాళిగట్టి తెచ్చువారు నేటికిని లేకపోలేదు. ఆ వివాహము చెల్లదు. బిడ్డలను చట్టము ధర్మసంతానముగా నెంచును. తల్లి మాత్రము భార్యయు కాదు, రేపు వితంతువును కాదు. చట్టమునకు పూర్వమట్లు పెండ్లాడినవారి స్థితియు గొప్పదికాదు: 1956 వారసత్వ చట్టమున వితంతువు లెందరున్నను అందరకు గలిపి యొక్కటే భాగము. సంతానలోపము పురుషునియందును ఉండవచ్చునని వైద్యులు చెప్పుచుండగా పరీక్షకు భార్యనొక్కతెనే పంపుట మరియొక వింత!

ఆడుబిడ్డల తండ్రులారా! అట్టి సంబంధము మీ గడపకు వచ్చినయెడల, వరుని పొలము చూడబోవుటకు ముందు ఆ యింటి యిల్లాలి యొద్దకు పొండు. మగవారు లేని చోట, మీ భార్యచేత ఆమె నడిగించుడు. ఆమె మాట పూర్తియగువరకు తాంబూలము పుచ్చుకొనకుడు.