పొడ తగిలిన ఇల్లు

ధ్యాన భాగము: లేవీయకాండము 14:33–53



ఇంటిని గూర్చిన ఈ ధర్మవిధి మన సంఘములలో ప్రసంగాంశముగా వినబడుట బహు అరుదు. బైబిలును వరుసగా చదువువారు కూడ ఇక్కడికి వచ్చేసరికి కాస్త తొందరపడి పుటలు త్రిప్పివేయుదురు. అయితే చెన్నైలో (మనము ఇప్పటికిని మద్రాసు అనుచునే యున్నాము), యానాములో, బరంపురములో, ముంబయిలో కాపురముండి, వానకాలము తరువాత బీరువా జరిపి వెనుక గోడను చూచినవారికి ఈ అధ్యాయము క్రొత్తది కాదు. గోడమీద పచ్చగానో ఎర్రగానో మచ్చలు లేచుట, అవి గోడలోపలికి దిగియుండుట, గీకినను మరల వచ్చుట – మోషే వ్రాసినది దీనిని గూర్చియే.

మన తెలుగు బైబిలులో దీనికి కుష్ఠుపొడ అను మాట వాడబడినది. హెబ్రీ మూలపదము చాల విశాలమైనది. మనిషి చర్మముమీద, వస్త్రముమీద, తోలుమీద, గోడమీద కనబడు మచ్చలన్నిటికిని ఆ ఒక్క పదమే చెల్లినది. నేడు వైద్యులు మందులతో నయము చేయుచున్న కుష్ఠువ్యాధి గోడలకు రాదు, బట్టలకును రాదు. మన గోడలకు వచ్చునది బూజు. పండుగకు ముందు మనము దులుపు సాలెపురుగు బూజు కాదు, చెమ్మవలన పుట్టు బూజు. ఈ తేడా స్పష్టముగా చెప్పవలసియున్నది. ఏలయనగా కుష్ఠు అను మాటను పట్టుకొని రోగులను వెలివేసిన పాపము క్రైస్తవులమని చెప్పుకొనువారి మధ్య కూడ జరిగియున్నది.

మరియొక విషయము గమనించండి. ఈ ఆజ్ఞ ఇయ్యబడిన నాటికి ఇశ్రాయేలీయులకు గోడలే లేవు, వారు గుడారములలో ఉన్నారు. ఇంకను చేరని దేశములో, ఇంకను కట్టని ఇండ్లను గూర్చి దేవుడు వారితో మాటలాడెను. మన తాతలు పొట్ట చేతపట్టుకొని ఈ ఊళ్లకు వచ్చి పాకలలో, లైను ఇండ్లలో బ్రదికిరి. నేడు మనకు గోడలున్నవి, ఆ గోడలకు చెమ్మయు ఉన్నది.

ఇప్పుడు విధిని చూతము. మొదటి అడుగు వేయవలసినది ఇంటి యజమానుడు. అతడే యాజకునియొద్దకు వెళ్లి, నా యింటిలో పొడవంటిది కనబడుచున్నదని చెప్పవలెను. ఇది ఫలానా అని తేల్చి చెప్పుట అతని పని కాదు, కనబడినది చెప్పుటే అతని పని. ఆ మనుష్యుడు ఏ పాపము చేసెనని ఆ అధ్యాయములో ఎవరును అడుగలేదు. అయితే మన మధ్య ఏమి జరుగుచున్నది? గోడ నల్లబడినదని చెప్పుటకు సిగ్గు. ఆ ఇల్లాలికి శుభ్రత లేదందురేమోనని భయము. పిల్లకు సంబంధములు చూచుచున్న ఇంటిలో ఆ గదికి తాళమే పడును. అద్దెకున్నవారు నోరు తెరచినయెడల, ఇష్టము లేకపోతే ఖాళీ చేయండి అను జవాబు సిద్ధము. అందుచేత మంచము ఇటు జరిపి, క్యాలెండరు అటు తగిలించి కాలము గడుపుదుము.

తమిళనాడులో ఉన్న మన సంఘములకు ఇందులో ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు. అక్కడ పెద్ద వానలు అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కురియును. గోడలు నీళ్లు త్రాగియున్న ఆ రోజులలోనే క్రిస్మసు వచ్చును, వెల్ల వేయక తప్పదు. తడి గోడమీద, బూజుమీదనే సున్నమో రంగో పూయుదుము. పండుగనాటికి ఇల్లు తళతళలాడును. సంక్రాంతి దాటకముందే ఆ రంగు పొక్కులు లేచి పెచ్చులూడి, మచ్చ మరల కనబడును. యెహెజ్కేలు 13వ అధ్యాయములో, బలహీనమైన గోడకు పైపూత పూసి క్షేమమని చెప్పువారిని ప్రవక్త గద్దించెను. బూజు పట్టిన గోడకు రంగు వేయుటయు అట్టిదే. లోపల చెమ్మ వచ్చు దారిని మూయక, ఉన్న బూజును తీసివేయక పైన ఏమి పూసినను నిలువదు.

ఇది కేవలము అందమునకు సంబంధించిన సంగతి అనుకొనవద్దు. ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణములో సూడాను దేశమునుండి వచ్చిన ఒక కుటుంబము బూజు పట్టిన చిన్న ఇంటిలో అద్దెకుండెను. తండ్రి 2017లోనే ఫిర్యాదు చేయగా, పైన రంగు వేసుకొనుమని చెప్పిరి. 2020 డిసెంబరులో ఆయన రెండేండ్ల కుమారుడు అవాబ్ ఊపిరాడక మరణించెను. చాలకాలము బూజులో నివసించుటవలన వచ్చిన శ్వాస వ్యాధియే కారణమని 2022 నవంబరులో మరణ విచారణాధికారి తీర్పు చెప్పిరి. ఆ బిడ్డ పేర అక్కడ చట్టము వచ్చినది. 2025 అక్టోబరునుండి, ప్రజలకు తక్కువ అద్దెకు ఇండ్లిచ్చు సంస్థలు ప్రమాదకరమైన చెమ్మను గూర్చి విన్న పది పనిదినములలోగా వచ్చి పరిశీలింపవలెను, ప్రాణాపాయమైనయెడల 24 గంటలలోనే. ఆ తండ్రి మన వంటి వలసవాడే. అతడు చెప్పెను, వినవలసినవారు వచ్చి తీరుగా చూడలేదు. లేవీయకాండములో యాజకునికి ఆ వీలు లేదు. విన్నవెంటనే అతడు కదలవలెను, తన కన్నులతో గోడ చూడవలెను, ఏడవ దినమున మరల రావలెను.

వచ్చుటకు ముందు యాజకుడు ఇచ్చు ఆజ్ఞ ఎంత కనికరముగలదో చూడండి. ఆయన లోపలికి వెళ్లకమునుపే ఇల్లు ఖాళీ చేయవలెను. ఎందుకనగా తీర్పు చెప్పిన తరువాత లోపలనున్న సామానంతయు అపవిత్రమగును. బీదవాని చట్టి, పరుపు, గంప ముందుగా బయటపడవలెనని దేవుడు కోరెను. శుభ్రపరచు పని మనకును అక్కడనే ప్రారంభము. సామాను బయటకు తీసి, ఉంచదగినది ఏది, విడువవలసినది ఏది అని వేరుపరచవలెను.

స్టీలు సామాను, గాజు, పింగాణి జాడీలు, ప్లాస్టిక్ బిందెలు సబ్బునీటితో కడిగి ఎండబెట్టిన చాలును. టేకు మంచము తుడిచి ఆరబెట్టవచ్చును. ఉబ్బిన ప్లైవుడ్ బల్ల దక్కదు. బట్టలు వేడినీటిలో సబ్బుతో ఉతికి ఎండలో వేయవలెను. వరదనీరు త్రాగిన దూదిపరుపు, ఫోము, దిండ్లు పారవేయవలసినదే. మురుగుతో కలిసిన నీరు లోపలికి దిగినది ఎండకు పోదు. అది పెండ్లినాటి పరుపు అని ఏడ్చిన తల్లులను 2023 డిసెంబరు తుపాను తరువాత చెన్నైలో చూచితిమి. వారితో వాదింపవద్దు, ప్రక్కన నిలిచి మోయుటకు చేయి ఇవ్వండి.

ఇంటిలోని పాత తెలుగు బైబిలు మాట వేరు. అనేక కుటుంబములలో మొదటి పుటలో తాతగారి చేతివ్రాతతో పుట్టిన తేదీలు, బాప్తిస్మపు తేదీలు, వివాహములు ఉండును. పరాయి రాష్ట్రములో మన వంశవృక్షము అదొక్కటే. అది తడిసినయెడల రుద్దవద్దు. వెంటనే ఆరబెట్టు వీలు లేనియెడల ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఫ్రిజ్ పైగదిలో గడ్డకట్టించవచ్చును, బూజు పెరుగుట ఆగును. తరువాత పుటల నడుమ తెల్లకాగితములు పెట్టి, మార్చుచు, గాలి తగులు నీడలో ఆరనియ్యవలెను. బాగుగా ఆరిన తరువాతనే, ఇంటి బయట, ముక్కుకు ముసుగు కట్టుకొని మెత్తని కుంచెతో దులుపవలెను. ఎట్లును దక్కదని తోచినయెడల ముందుగా ఆ మొదటి పుటకు ఫోటో తీసి, మరియొక పుస్తకములో ఎత్తి వ్రాసికొనండి. పాడైన బైబిలును విడుచుట పాపమని కొందరు పెద్దలు భయపడుదురు. యిర్మీయా గ్రంథపు చుట్టను రాజు ముక్కలుగా కోసి కాల్చినప్పుడు, బారూకు మరల వ్రాసెను, అదనపు మాటలును చేర్చబడెను. వాక్యము కాగితముతో చావదు.

ఇక గోడ సంగతి. ధర్మశాస్త్రము ప్రకారము పొడగల రాళ్లను ఊడదీసి, ఇంటి లోపలి గోడలను చుట్టును గీకి, ఆ మట్టిని ఊరి వెలుపల పారబోసి, క్రొత్త రాళ్లు పెట్టి క్రొత్త అడుసు పూయవలెను. బూజును చంపుమని లేదు, తీసివేయుమని ఉన్నది. నేటి శాస్త్రజ్ఞులు చెప్పునదియు అదే. చచ్చిన బూజు కూడ ఉబ్బసము గలవారికి హాని చేయగలదు గనుక మందు చల్లి వదలిన చాలదు. ముందుగా నీరు వచ్చు దారి కనిపెట్టండి: మేడమీది పగులా, గోడలోని పైపా, కిటికీ మీది అంచా. మచ్చ మూడడుగుల చదరమునకు లోబడినదైతే ఇంటివారే చేసికొనవచ్చును, మించినయెడల తెలిసిన పనివారిని పిలువండి. కిటికీలు తెరువండి. పొడి చీపురుతో ఊడ్చవద్దు, ఫ్యాను వేయవద్దు. ఆ ధూళి ఇల్లంతయు ఎగురును. సబ్బునీటితో తడిపి, బ్రష్షుతో రుద్ది, తుడిచి, పూర్తిగా ఆరనియ్యండి. గుల్లబారిన సిమెంటు పూతను గీకివేయండి. బ్లీచు వాడువారు నాలుగు లీటర్ల నీటికి ఒక కప్పు మించి కలుపవద్దు. దానిలో మరుగుదొడ్డి కడుగు ఆసిడ్‌గాని, అమ్మోనియా గల ద్రవమునుగాని ఎన్నడును కలుపవద్దు; ప్రాణము తీయు విషవాయువు పుట్టును. వరద దిగిన ఇంటిలో ముందుగా కరెంటు మెయిను ఆపండి.

మూసిన ఇంటిలో ప్రవేశించినవాడు సాయంకాలమువరకు అపవిత్రుడనియు, అందులో పండుకొన్నవాడు, భుజించినవాడు బట్టలు ఉదుకుకొనవలెననియు అక్కడ వ్రాయబడియున్నది. చేతులకు తొడుగులు, ముఖమునకు ఎన్-95 ముసుగు, కన్నులకు అద్దములు వేసికొని, పని ముగిసిన వెంటనే బట్టలు విప్పి ఉతికి స్నానము చేయువారు ఆ మాటను గైకొనుచున్నవారే. ఉబ్బసము గలవారు, గర్భిణీలు, వృద్ధులు, పిల్లలు ఆ పని దరికి రాకూడదు.

కాబట్టి ప్రతి సంఘములోను వానలు వెలిసిన వారములో కాపరియు, డీకనులును ఇంటింటికి వెళ్లవలెనని మనవి చేయుచున్నాము. ముందు గదిలో కాఫీ త్రాగి ప్రార్థన చేసి వచ్చుట చాలదు. అనుమతి అడిగి బీరువా వెనుక చూడండి. విధవరాండ్ర ఇండ్లకు, ఒంటరి వృద్ధుల ఇండ్లకు యౌవనస్థులు బకెట్లతో శనివారము వెళ్లవలెను. స్త్రీల సమాజమువారు ఉతికిన దుప్పట్లు, పాత పరుపునకు బదులు చాపలు సిద్ధపరచవలెను. అద్దెకున్నవారి పక్షమున ఇంటి యజమానునితో మాటలాడుటకు పెద్దలలో ఇద్దరు, స్థానిక భాష బాగుగా తెలిసినవారు, తోడుగా వెళ్లండి. ఏడు దినముల తరువాత అదే ఇంటికి మరల వెళ్లి, గోడమీద అరచేయి పెట్టి చూడండి. చెమ్మ తగిలినయెడల రంగు వేయనియ్యవద్దు, అది క్రిస్మసు ముందు వారమైనను సరే. మంచమును, బీరువాను గోడకు జానెడు దూరముగా జరిపి గాలి ఆడునట్లు పెట్టి రండి.