చెంబు చాలినచోట బిందె

ఫిబ్రవరి వచ్చిందంటే నకరికల్లు చుట్టుపక్కల మిర్చి కల్లాలన్నీ ఎర్రబడతాయి. ఆడవాళ్లు ఎండలో వరసగా కూర్చుని తాలుకాయ ఏరుతుంటారు. గలగలమనేలా ఎండిన కాయను అలాగే టిక్కీలో తొక్కితే విరిగి గింజ రాలుతుంది. అందుకని పైపైన కాసిని నీళ్లు చిలకరించి తొక్కుతారు. ఇందులో మోసం లేదు, అది పనిలో భాగం. చిక్కంతా చెంబు చాలినచోట బిందె ఎత్తినప్పుడే. నీటి బరువుకూ మిర్చి ధర పలుకుతుందని కల్లంలో ఉన్న అందరికీ తెలుసు. అయినా అడిగితే జవాబు ఒకటే: "చల్లకపోతే కాయ విరుగుద్ది."

ఆదివారం గుడిలో నిలబడి సాక్ష్యం చెప్పే రైతు కూడా ఈ మాటే అంటాడు. అతను అబద్ధం ఆడుతున్నానని అనుకోడు. మొదటి చెంబు వరకు అది నిజమే కదా! సాకులో ఉన్న ప్రమాదం ఇదే. అచ్చమైన అబద్ధమైతే మనసు కాస్తయినా ఎదురు తిరుగుతుంది. సగం నిజం ఉన్న మాటకు మాత్రం తలుపు తీసేస్తుంది.

విశ్వాసికి మరో చిక్కు ఉంది. అతని సాకుకు వాక్యం తోడు దొరుకుతుంది. సౌలు రాజునే చూడండి. అమాలేకీయుల సొత్తు ఏదీ మిగల్చవద్దన్నది ఆజ్ఞ. అతను మాత్రం కొవ్విన గొర్రెలనూ ఎడ్లనూ ఉంచుకున్నాడు. సమూయేలు నిలదీస్తే, జనమే ఉంచారన్నాడు, అదీ దేవునికి బలి ఇవ్వడానికేనన్నాడు. తప్పు జనం మీదికి నెట్టాడు, మిగిలిన దానికి భక్తి రంగు పూశాడు. మన ఇళ్లలో కట్నం తీసుకుని, "అమ్మాయి పేరనే వేశాం, పైగా దశమభాగం తీశాం" అనే మాట ఇంతకంటే ఎంత దూరం?

భక్తి పేరుతో దొరికే సాకును కాదన్నవాళ్లూ మన దాపులోనే ఉన్నారు. నరసరావుపేట ప్రాంతానికి బాప్టిస్టు మిషన్ ఒంగోలు వైపు నుంచే వచ్చింది. అక్కడ పనిచేసిన జాన్ క్లౌ 1876–78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్న జనానికి కూలి దొరికేలా చూశాడు. బాప్తిస్మం ఇమ్మని ఎందరో అడుగుతున్నారు. ఆత్మలు రక్షణ పొందుతాయి, సంఘం పెరుగుతుంది, కాదనడానికి కారణమే లేదనిపించే సమయం. అయినా కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నం కోసం వచ్చినవాడెవడో, క్రీస్తు కోసం వచ్చినవాడెవడో తేలాలని ఆగాడు. సాయం ముగిశాకే మళ్లీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యనే అందరూ చెప్పుకుంటారు. నాకైతే అంతకుముందు ఏడాదికి పైగా ఓర్చుకున్న ఆ ఎదురుచూపే పెద్దదిగా కనిపిస్తుంది.

మరి సాకును పట్టుకోవడం ఎలా? నాతాను చేసిన పని నాకు దారి చూపింది. దావీదును అతను నేరుగా నిందించలేదు. పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కున్న ధనవంతుడి కథ చెప్పాడు. ఊరియా సంగతిలో నోరు మెదపని దావీదు, పరాయివాడి కథ అనుకోగానే కోపంతో తీర్పు చెప్పేశాడు. మన కల్లంలో జరిగినదాన్ని పక్క కల్లంలో జరిగినట్టు ఒకసారి చెప్పుకుంటే చాలు, తీర్పు మన నోటి నుంచే వస్తుంది.

ఈ పరీక్ష కాయ కోసేవాళ్ల దగ్గర మరీ అవసరం. కర్నూలు వైపు నుంచి ఏటా పిల్లాపాపలతో కోతలకు వస్తారు. ధర పెరిగాక అమ్ముదామని మనం కాయను కోల్డ్ స్టోరేజీకి పంపి, కూలి మాత్రం "అమ్మాక ఇస్తాం" అంటాం. "వాళ్ల ఊళ్లో ఈ పనైనా దొరకదు కదా" అని సర్దిచెప్పుకుంటాం. ఈ మాటను చంకలో బిడ్డను ఎత్తుకుని ఎదుట నిలబడ్డ ఆ తల్లి ముఖం చూసి అనగలమా? కూలివాడి కూలి పొద్దుగూకేలోపు ఇమ్మని ద్వితీయోపదేశకాండం చెబుతుంది. అందులో మార్కెట్ ధర ప్రస్తావన లేదు.

అన్నిటికీ చివర "దేవుడు క్షమిస్తాడులే" అన్న మాట ఒకటి ఉంటుంది. నిజమే, క్షమిస్తాడు. కానీ కృప విస్తరించాలని పాపంలోనే ఉండిపోదామా అని పౌలు రోమీయుల్ని అడిగింది సరిగ్గా ఇలాంటివాళ్ల కోసమే. జక్కయ్య క్షమాపణతో సరిపెట్టలేదు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు.

మీ కల్లంలో ఎవరికైనా కూలి బాకీ ఉంటే, ప్రభువు బల్ల దాకా ఆగవద్దు. వాళ్లు తిరుగు బస్సు ఎక్కకముందే లెక్క తేల్చి చేతిలో పెట్టండి.