చెవి తమ్మె మోసే బరువు

చెవి దొప్ప పైభాగమంతా మృదులాస్థి, అంటే వంచినా మళ్ళీ నిలిచే మెత్తని ఎముకవంటి పదార్థం. దానికి సొంత రక్తనాళాలు లేవు, పైన అంటుకొని ఉన్న పలుచని పొరే దానికి పోషణనిస్తుంది. ఆదిలాబాద్ పల్లె జాతరల కుస్తీల్లో చెవి గట్టిగా నలిగినప్పుడు ఆ పొరకూ మృదులాస్థికీ నడుమ నెత్తురు చేరుతుందని, కొద్ది రోజుల్లోనే వైద్యుడు దాన్ని తీసి బిగుతుగా కట్టు కట్టకపోతే చెవి గట్టిపడి శాశ్వతంగా ముడుచుకుపోవచ్చని ప్రతి పహిల్వానుకూ తెలిసి ఉండాలి.

కింది తమ్మెలో మృదులాస్థి లేదు, ఉన్నది చర్మమూ కొవ్వే. అందుకే బరువైన గెంటీలను ఏళ్ల తరబడి మోసిన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల వృద్ధ స్త్రీలలో కొందరి చెవి రంధ్రాలు సాగి, ఒక్కోసారి పూర్తిగా తెగిపోతాయి. ఆ బరువును జుట్టుకు పంచే మాటీలు అలంకారమే కాదు, ఎంతో తెలివైన ఏర్పాటు కూడా. తెగిన తమ్మెను ఆ చోటికే మత్తు ఇచ్చి కుట్టవచ్చు, గాయం బాగా మానాక పక్కన కొత్త రంధ్రం వేయించుకోవచ్చు కనుక ఏ అవ్వా దాన్ని కొంగు చాటున దాచుకోవలసిన పని లేదు. పైభాగాన బుగిడీల కోసం కుట్టించిన చోట వాచి, ఎర్రబడి, సలుపుతుంటే మాత్రం పసుపుతో సరిపెట్టక, చీము మృదులాస్థిని కరిగించకముందే, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.