నాలుగునాళ్ళ కొలువు

చదువు ముగించి మొట్టమొదటిసారిగా ఒక కార్యాలయమున అడుగిడు యువకుని స్థితి విచిత్రమైనది. అతని చేతనున్న ఉత్తరువులో ఉద్యోగము తాత్కాలికమనియు, ఎప్పుడైనను ముందు తెలుపకయే తొలగింపవచ్చుననియు వ్రాసియుండును. దీర్ఘమైన సెలవుపై వెళ్ళిన వేరొకరి కుర్చీలో అతడు కూర్చుండును. బల్లసొరుగు తెరచినచో ఆ వేరొకరి కళ్ళజోడు పెట్టె, చిన్న దేవుని పటము, సగము వాడిన మందుబిళ్ళల పొట్లము కనబడును. ఏ దస్త్రము ఏ బీరువాలో నుండునో తలుపు వద్ద కూర్చుండు బంట్రోతుకు తెలిసినంత అతనికి తెలియదు. కళాశాలలో పేరుపెట్టి పిలిచి మెచ్చుకొనిన గురువు లుండిరి; ఇచట "ఏమోయ్, కొత్తబ్బాయీ" అనునదే పిలుపు. యువతులకును ఇట్టి అనుభవమే. సాయంకాలము ఇల్లు చేరిన పిమ్మట తల్లి "ఎట్లున్నది నాయనా, పని?" అని అడుగును. "బాగున్నదమ్మా" అని అతడు తల వంచుకొని అన్నము కలుపుకొనును. ఆ మాటలో ఎంత నిజమున్నదో తల్లికిని తెలియును.

పని నేర్చుట అంత కష్టము కాదు. వచ్చిన జాబులను చిట్టాలో దాఖలు చేయుట, లెక్కలు పోల్చి చూచుట, ఈ కాలమున కంప్యూటరుపై వివరములు నమోదు చేయుట, ఇవి యన్నియు పదునైదు దినములలో పట్టుబడును. పట్టుబడనిది మనస్సు. "ఇది నా కుర్చీ కాదు, రేపో మాపో పోవువాడను, నాకేల ఇంత శ్రద్ధ?" అని అది కొన్నాళ్ళు గొణుగును. ఈ రోగము పైకి కనబడును గనుక ఎవరైనను మందలింతురు. లోలోపల తినివేయునది మరియొకటి కలదు: "ఎవరిని మెప్పించినచో గడువు పొడిగింతురు?" అను చింత. దానికి లోబడినవాడు కాగితమును చదువుటకు ముందు పై అధికారి ముఖమును చదువును. నవ్వు రాని మాటకు నవ్వును. ఆలస్యముగ వచ్చు పెద్ద గుమాస్తా "హాజరుపట్టీలో నా సంతకము నీవే గీకుము" అనినచో కాదనుటకు నోరు రాదు. చేతులు జీతమునకు పనిచేయుచుండును. మనస్సు మాత్రము రేపటి భయమునకు వెట్టిచాకిరి చేయుచుండును.

ఈ భయమును తేలికగా నెంచి "చింత మానుము" అని ఉపదేశించుట సులభము. తల్లి మందులు, తమ్ముని చదువు ఒక్క నెలజీతముపై ఆధారపడియున్న ఇంటిలో ఆ ఉపదేశము చెల్లదు. ఇట్టి విషయమున ఆకలి యెరిగినవారి చరిత్రయే ప్రమాణము.

1884 సంవత్సరము ఫిబ్రవరి మాసమున కలకత్తాలో విశ్వనాథదత్తు మరణించెను. ఆయన ఉన్నత న్యాయస్థానమున అటార్నీ; ధారాళముగ సంపాదించి అంతకంటె ధారాళముగ వెచ్చించినవాడు. తరువాతికాలమున వివేకానందస్వామిగ లోకమునకు తెలిసిన ఆయన పెద్దకుమారుడు నరేంద్రుడు అప్పుడే బి.ఏ. పరీక్ష వ్రాసియుండెను. వయస్సు ఇరువదియొక్క ఏండ్లు. తండ్రి పోయినంతనే అప్పులవారు వచ్చిరి. జ్ఞాతులు ఇంటికై వ్యాజ్యమునకు దిగిరి. మైల తీరకముందే నరేంద్రుడు ఉద్యోగమునకై బయలుదేరవలసివచ్చెను. చేత అర్జీ, కాళ్ళకు చెప్పులు లేవు. మండుటెండలో ఒక కార్యాలయమునుండి మరొక కార్యాలయమునకు తిరిగెను. ఎల్లయెడల నిరాశయే ఎదురయ్యెను. ఇంటిలో అందరికి చాలినంత అన్నము లేదని కనిపెట్టిన దినములలో, బయట భోజనమునకు పిలుపున్నదని తల్లితో చెప్పి వెడలిపోయి పస్తుండెడివాడు. ఒకనాడు మైదానమునందలి స్మారకస్తంభపు నీడలో కూలబడియుండగా, ఓదార్చ దలచిన ఒక మిత్రుడు భగవత్కృపను గూర్చిన పాట యెత్తుకొనెను. ఆ పాట తలపై దెబ్బవలె తగిలి నరేంద్రుడు అతనిని కసరివైచెను. (ఆకలిగొన్నవానికి కీర్తన వినిపించుటకు త్వరపడువారు ఈ సంఘటనను జ్ఞాపకముంచుకొనుట మంచిది.)

తరువాత ఒక అటార్నీ కార్యాలయమున కొంత పని దొరకెను. దానితోపాటు కొన్ని పుస్తకములను అనువదించి కొద్దిపాటి ధనము గడించెను. ఇల్లు ఎట్లో గడచుచుండెను. కాని అవన్నియు తాత్కాలికములు. నిలుకడయైన కొలువేదియు లేదు. నరేంద్రుని ఆనాడు దక్షిణేశ్వరమునకు నడిపించినది ఈ ఆరాటమే. చేతిలో పనియున్నను అది నిలుచునన్న నమ్మకము లేక, తన తల్లికిని తోబుట్టువులకును కష్టము తీరునట్లు జగన్మాతను ప్రార్థింపవలసినదని ఆయన శ్రీరామకృష్ణ పరమహంసను పట్టుపట్టి కోరెను. పరమహంస ఆ కోరికను నిందింపలేదు. "ఛీ, ఇది లౌకికము" అనలేదు. ఆ రాత్రి ఆలయమునకు వెళ్ళి నీవే అడుగుమనియు, అడిగినది ఆమె ఇచ్చుననియు చెప్పి పంపెను. నరేంద్రుడు వెళ్ళెను. తల్లి సన్నిధిని వివేకమును, వైరాగ్యమును, జ్ఞానభక్తులను మాత్రమే అడిగి తిరిగి వచ్చెను. వచ్చిన పనిని మరచెను. మరల పంపగా మరల అట్లే జరిగెను. మూడవసారి జ్ఞాపకమున్నది గాని, ఇంత అల్పమును అంతటి తల్లినెట్లు అడుగుదునని సిగ్గు అడ్డువచ్చెను. తుదకు ఆ కుటుంబమునకు సామాన్యమైన కూడుగుడ్డలకు కొరతరాదని పరమహంసయే అభయమిచ్చెను.

ఈ వృత్తాంతమును అద్భుతముగ మాత్రమే తలచి చేతులు జోడించువారు పెక్కుమంది. దాని పిదప జరిగినది చూడవలెను. ఇంటి వ్యాజ్యము ఏండ్ల తరబడి సాగెను. విద్యాసాగరుల విద్యాలయశాఖలో నరేంద్రుడు కొంతకాలము ఉపాధ్యాయుడుగా పనిచేసెను, అదియు నిలువలేదు. శాశ్వతోద్యోగమనునది ఆయనకు ఎన్నడును లభింపలేదు. ఆ రాత్రితో భయమునకు కారణములు తొలగిపోలేదు. భయము యజమాని పీఠమునుండి దిగిపోయెను. సంపాదింపవలసిన బాధ్యత మిగిలియే యున్నది, కాని దానికొరకు ఆత్మను తాకట్టు పెట్టవలసిన యక్కర తీరెను.

నిరంజనుడు (తరువాత నిరంజనానందస్వామి) ఒక కార్యాలయమున చేరినాడని విన్నప్పుడును పరమహంస వైఖరి ఇట్టిదే. త్యాగమునకై పుట్టిన ఆ యువకుడు కొలువునకు కుదురుట మొదట ఆయనకు నచ్చలేదు. తల్లిని పోషించుటకై చేసిన పనియని తెలిసిన పిమ్మట దానిలో దోషము చూడలేదు.

పెద్దింటి దాసి దృష్టాంతమును ఆయన తరచు చెప్పెడివారు. ఆమె యజమాని బిడ్డలను తన బిడ్డలవలె లాలించును. మనస్సు మాత్రము తన పల్లెలోని గుడిసెపైన నుండును. ఈ దృష్టాంతమును ఎరిగినవారిలో కొందరు దాని సగమును మాత్రమే గైకొందురు. ఆ దాసి పని మానలేదు. బిడ్డకు వేళకు పాలు పట్టును, పాత్రలు తళతళలాడునట్లు తోమును. రెండు వేదాంతగ్రంథములు చదివి "అంతయు మాయ" అనుచు దస్త్రములను బల్లక్రింద పేర్చు యువకుని వైరాగ్యము, కాషాయము కట్టుకొనిన సోమరితనము. మరియొక మాట. దాసికి తెలిసిన సత్యము, అనగా ఈ యిల్లు తనది కాదను ఎరుక, శాశ్వతోద్యోగికి సామాన్యముగ విరమణదినమున, పూలదండ మెడలో పడినపుడు గాని కలుగదు. తాత్కాలికోద్యోగికో, మొదటిదినముననే కాగితముపై వ్రాసి చేతికిత్తురు. దానిని అవమానముగ తలచి దాచుకొనువాడు ఎంత విలువైన దానిని దాచుచున్నాడో ఎరుగడు.

ఊహింపుడు. ఇట్టి యువకుడొకడు పింఛనుల లెక్కలు వ్రాయుచు, ఒకే పేరుగల ఇద్దరు వృద్ధురాండ్రలో ఒకరి బకాయిని మరొకరి ఖాతాలో చేర్చెను. పది దినముల పిమ్మట తప్పు తనకే కనబడెను, మరెవ్వరును చూడలేదు. గడువు పొడిగింపును గూర్చి నిర్ణయించు వారమది. ఊరకుండినచో ఏ పల్లెనుండియో ఒక ముసలితల్లి బస్సుకూలీ పెట్టుకొని వచ్చి, ఆ కిటికీ ముందు పడిగాపులు పడవలెను. చెప్పినచో తన ఇంటిలో పొయ్యి ఆరవచ్చును. గీతలోని కర్మయోగము అతనికి పరీక్షగా వచ్చునది ఇట్టి మధ్యాహ్నమున, ఇట్టి వరుసలో, ఇట్టి రెండు పేర్ల నడుమ. పనిపై దృష్టియున్నవానికి ఆ ముసలితల్లి కనబడును. రేపటిపై దృష్టియున్నవానికి తన గడువే కనబడును.

అతడు లేచి వెళ్ళి చెప్పును. అధికారి పదిమంది యెదుట కేకలు వేయును. పెద్ద గుమాస్తా "పిచ్చివాడా, ఎవడడిగెనోయి నిన్ను?" అని జాలిపడును. పద్దు దిద్ది, దిద్దుబాటుపై సంతకము చేసి, వణకు చేతితోనే అతడు తరువాతి కాగితము తీయును. పొడిగింపు వచ్చునో రాదో ఆనాటికి ఎవరికిని తెలియదు.

రాకుండినచో, చివరి దినమున కొంచెము ముందుగ వచ్చి, తన తరువాత ఆ కుర్చీలో కూర్చుండువానికై మిగిలిన పనుల జాబితా తేటగ వ్రాసిపెట్టును. ఏ దస్త్రము ఏ బీరువాలో నున్నదో దాని క్రింద చేర్చును. సొరుగు తుడిచి, ఆ దేవుని పటమును, కళ్ళజోడు పెట్టెను మొదట ఉన్నచోటనే ఉంచి, తాళపుచెవి బంట్రోతుకు అప్పగించి ఇంటికి బయలుదేరును.