వాకిట లాజరు



లూకా సువార్త 16వ అధ్యాయంలోని ధనవంతుడు, లాజరు ఉపమానం మనం చిన్ననాటి నుండి వింటున్నదే. అయినా అందులో ఒక విషయాన్ని తరచు గమనించం. ఆ ధనవంతుడు లాజరును కొట్టలేదు, తిట్టలేదు, వాకిట నుండి గెంటివేయించలేదు. అతని కూలి ఎగవేసినట్లు కూడా సువార్తలో లేదు. మరి అతడు చేసిన పాపమేమిటి? రోజూ అదే వాకిలి దాటుతూ, అక్కడ పడి ఉన్న మనిషిని పట్టించుకోకపోవడమే. ప్రభువు ఆ పేదవాణ్ణి పేరు పెట్టి పిలిచాడు. ధనవంతునికి మాత్రం ఆ కథలో పేరు లేదు.

సంపద పెరిగే కొద్దీ కన్ను ఎలా మసకబారుతుందో తెలుసుకోవాలంటే అమెరికా దేశపు ఒక కాలాన్ని చూడాలి. 1945లో రెండవ ప్రపంచ యుద్ధం ముగిసింది. ఆయుధాలు చేసిన కర్మాగారాలే కార్లు, ఫ్రిజ్‌లు, టెలివిజన్లు తయారు చేయసాగాయి. తిరిగివచ్చిన సైనికులకు చదువుకూ, ఇంటి అప్పుకూ ప్రభుత్వం 1944 నాటి చట్టం ద్వారా సాయం చేసింది. 1947 నుండి న్యూయార్క్ సమీపాన లెవిట్‌టౌన్‌లో ఒకే తీరు ఇళ్లు వేల సంఖ్యలో లేచాయి. కాని ఆ ఇళ్లు తెల్లవారికే అమ్మారు. అదే యుద్ధంలో పోరాడిన నల్లజాతి సైనికులలో చాలామందికి ఆ అప్పులూ దక్కలేదు, ఆ ఇళ్లూ దక్కలేదు.

1958లో గాల్‌బ్రెయిత్ అనే ఆర్థికవేత్త ఈ సంపదను ప్రశ్నించాడు. ఇంటినిండా వస్తువులున్నాయి గాని అందరికీ చెందిన బడులు, పార్కులు, వీధులు చిక్కిపోతున్నాయని హెచ్చరించాడు. ఈయనే 1961 నుండి 1963 వరకు ఢిల్లీలో అమెరికా రాయబారిగా పనిచేశాడు. 1962లో మైకేల్ హారింగ్టన్ మరో పుస్తకం రాశాడు. ఇతడు యౌవనంలో డొరతీ డే స్థాపించిన కాథలిక్ వర్కర్ గృహంలో పేదల మధ్య సేవ చేసినవాడు. ఆ సంపన్న దేశంలోనే నాలుగైదు కోట్లమంది పేదలున్నారనీ, వారు ఉన్నవారి కంటికి ఆనడమే మానేశారనీ అతడు చెప్పాడు. 1964లో అధ్యక్షుడు జాన్సన్ పేదరికంపై యుద్ధం ప్రకటించాడు. 1979 అక్టోబరులో పునీత రెండవ జాన్ పాల్ జగద్గురువులు న్యూయార్క్ నగరంలోని యాంకీ స్టేడియంలో దివ్యబలిపూజ సమర్పించి, ప్రసంగానికి ఎంచుకొన్నది ఈ లాజరు ఉపమానాన్నే.

ఎక్కడి అమెరికా, ఎక్కడి గరిడేపల్లి అని మీరు అడగవచ్చు. మన సమృద్ధి కథ కూడా అటువంటిదే. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలారు. జొన్న గటక తిన్న మెట్ట ప్రాంతాలలో ఎడమ కాలువ కింద రెండు పంటల వరి పండింది. మిర్యాలగూడలో రైసుమిల్లులు వరుస కట్టాయి. పెంకుటిళ్లు డాబాలయ్యాయి, మన పిల్లలు కొందరు అమెరికా కూడా చేరారు. ఇది దేవుని దీవెన. దీనిని నేను తక్కువ చేయడం లేదు. అయితే ఆ ఆనకట్టను రాయి మీద రాయి పేర్చి కట్టిన కూలీల చేతులనూ, అదే ఉమ్మడి నల్గొండ జిల్లాలో మునుగోడు, మర్రిగూడ వైపు ఫ్లోరైడు నీళ్లు తాగి నడుము వంగిపోయిన వారినీ మరువరాదు. కాలువ మన సొంత కష్టార్జితం కాదు, పదిమంది పెట్టుబడి.

మరి నేడు మన వాకిట ఉన్న లాజరు ఎవరు?

కౌలు రైతు ఒకడు. దుక్కి అతనిది, ఎరువుల అప్పు అతనిది, పాసుపుస్తకంలో పేరు మాత్రం మరొకరిది. 2018లో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి పంటకు 4000 రూపాయలు పట్టాదారుకు అందాయి, కౌలుదారును ఆ పథకంలో చేర్చలేదు. 2024 సెప్టెంబరు మొదట్లో నడిగూడెం మండలంలో ఎడమ కాలువకు గండి పడి పొలాలు మునిగాయి. అటువంటి వేళ పంట పోయేది సాగు చేసినవానికి. అయినా కౌలు బాకీ నిలిచే ఉంటుంది.

వరికోత మిషన్లు వచ్చాక కోత కూలి పోయిన తల్లి మరొక లాజరు. మిల్లులో బస్తాలు మోసే హమాలీ, నాట్లకు బీహారు నుండి దిగిన కుర్రవాడు ఇంకొకరు. అతని భాష మనకు రాదు, పేరు మనం అడగం.

ఇక వస్తువుల మోజు. 1950ల అమెరికాలో వాయిదాల కొనుగోళ్లు ఎలా పెరిగాయో, మన ఊళ్లలోనూ అలాగే పెరిగాయి. టీవీ, బండి, ఫోను, చివరకు పెళ్లి కూడా అప్పు మీదే. ఉన్నవారింటి పెళ్లి పందిరిని చూసి లేనివాడు తన కూతురి కోసం అప్పు చేస్తాడు. ఆ భారం అతనిది, అందులో కొంత పాపం మన ఆడంబరానిది. వారం వారం వాయిదాలు కట్టలేక ప్రాణాలు తీసుకొన్న వార్తలు వచ్చినందువల్లే 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలపై ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. అప్పటి బాధ ఇప్పుడు ఫోనులోని అప్పుల రూపంలో మళ్లీ ఇంటిలోకి వస్తున్నది.

ప్రియులారా, కాలువ కింద సేద్యం చేసే మనకు ఒక సంగతి బాగా తెలుసు. మొదటి పొలం వాడు తన మడి నిండాక తూము మూయకపోతే చివరి పొలానికి నీరు చేరదు. పైవాడు కిందివాని నీరు దొంగిలించనక్కరలేదు, తన తూము వదిలేస్తే చాలు, కింద ఎండిపోతుంది. ఆ ధనవంతుడు చేసినదీ ఇదే. దేవుడిచ్చిన సమృద్ధి అతని వద్దకు వచ్చి అక్కడే ఆగిపోయింది.

కనుక ఈ వారం మీ ఇంట కుటుంబ ప్రార్థన ముగిశాక తల్లిదండ్రులు, పిల్లలు కలిసి ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి. మన పొలంలో పని చేసినవారి కూలి ఆ రోజే ఇచ్చామా? పంట పోయిన ఏడు కౌలులో ఎంత తగ్గించాము? రాబోయే పెళ్లిలో దేనిని మానుకొని ఒక పేద బిడ్డ చదువుకు ఇవ్వగలము? మన వాకిట పనిచేసే మనిషి పేరు మన పిల్లలకు తెలుసా?

చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. కాని పేరు తెలియనివాని ఆకలి మనకు తెలియదు. ఆదివారం దివ్యసత్ప్రసాదం స్వీకరించేటప్పుడు భూమి ఉన్నవాడూ, కూలివాడూ ఒకే వరుసలో నిలుస్తారు. ఆ వరుస గుడి తలుపు దగ్గరే తెగిపోతే మన బలిపూజ సగమే అయినట్లు. ఉపమానంలో ధనవంతునికీ, లాజరుకూ మధ్య దాటరాని అగాధం ఏర్పడింది మరణం తరువాత. బ్రతికి ఉన్నంతకాలం వారి మధ్య ఉన్నది ఒక గడప మాత్రమే. ఆ గడప దాటే సమయం మనకింకా ఉన్నది.

దయగల ప్రభువా, మా గాదెలు నింపిన నీవే మా కన్నులు కూడా తెరువుము. ఆమెన్.