కఱ్ఱ విడిచి త్రాడు పట్టిన తల్లి

చాపాడు పొలములకు కర్నూలు–కడప కాలువ ప్రాణము. నీరు పాఱు దినములలో వంతెనపైనుండి అందు దుముకవలెననియు, తండ్రి బండిని ప్రొద్దుటూరు బాటలో పరుగెత్తింపవలెననియు పదునైదేండ్లవానికి తోచుట వింత గాదు. తోటివారు చూచుచున్నచో ఆ తెగువ ఇబ్బడి యగును. తల్లిదండ్రులారా, ఇంట కఱ్ఱ యెత్తిన నేమగును? దుముకుట మానడు, మనతో చెప్పుట మానును.

భాగవత దశమస్కంధమున, కుండ పగులగొట్టిన కన్నయ్యను యశోదమ్మ కఱ్ఱతో తఱిమెను. బిడ్డ భయపడుట యెఱిగి కఱ్ఱను పాఱవైచెను. పౌరాణికులు పలువురు ఇచటనే పరవశింతురు గాని, ఆ తల్లి త్రాటిని విడువలేదు సుమా! ఎన్ని త్రాళ్ళు ముడివేసినను రెండంగుళములు తక్కువయ్యెను. తుదకు అమ్మ అలసట చూచి స్వామి తానై కట్టుబడెను.

బండి తాళము మన చేతి త్రాడు. మైనరు బండి నడిపి నేరము చేసినచో సంరక్షకునకు మూడేండ్ల వఱకు కారాగారము, 25,000 రూపాయల జరిమానా యని 2019 నాటి మోటారు వాహనముల చట్ట సవరణము చెప్పుచున్నది. అయినను చట్టము చూపి బెదరించుటకంటె, "నీవు ఇల్లు చేరువఱకు నాకు కునుకు రాదు నాయనా" యనుట మేలు.

ఈత మీరే దగ్గఱనుండి నేర్పింపుడు. ఏ అర్ధరాత్రమైనను "నాన్నా, వచ్చి తీసికొనిపొమ్ము" అని పిలువగల చనువు వానికుండనిండు. ఆ రాత్రి తీసికొని వచ్చి అన్నము పెట్టుడు. అడుగవలసినవి తెల్లవారి అడుగవచ్చును.